సవరణ: శాన్ లూకా నడకలో 3.8 కిలోమీటర్లు ఎక్కణ్ణుంచి?

ఇటలీలోని బొలోన్యా నగరాన్ని కాలినడకన చూడటం గురించిన మొన్నటి పోస్టులో, ఊరి నడిబొడ్డునున్న ప్యాత్సా మజోరే చౌకు నుంచి కొండమీది శాన్ లూకా చర్చికి 3.8 కిలోమీటర్లని రాశాను. అది తప్పు. నగర పర్యాటక సమాచారం ప్రకారం ఆ కొలత పోర్టా సరగొత్సా ద్వారం దగ్గర మొదలయ్యే 666 కమానుల వసారాది, అంటే పైకప్పున్న నడకదారిది. చౌకు నుంచి ఆ ద్వారానికే ఇంచుమించు కిలోమీటరున్నర. అంటే ఒకవైపు నడకే ఐదు కిలోమీటర్లు దాటుతుంది.

అదే పోస్టులో 'దారంతా పైకప్పు ఉంటుంది' అన్న మాటను కొందరు 'దారంతా చదును' అనుకున్నారు. మెలోన్‌చెల్లో తోరణం దాకానే చదును. అక్కణ్ణుంచి సుమారు రెండు కిలోమీటర్లు ఎక్కుడే, ఏటవాలూ మెట్లూ కలిసి. ఎండ తగలదు గాని ఆయాసం తప్పదు. పిల్లల తోపుడుబండితో ఈ భాగం పెట్టుకోవద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు దిగడమే ఎక్కువ కష్టం. మంచినీళ్లు కిందే నింపుకోండి.

ఆ పోస్టులో వసారాల పొడవుగా చెప్పిన 62 కిలోమీటర్లన్నది నగరంలోని వసారాలన్నీ కలిపిన లెక్క, పాత ఊరివి మాత్రమే కాదు. 2021లో యునెస్కో గుర్తింపు దక్కింది కూడా వాటిలో ఎంపిక చేసిన భాగాలకే.