గైడ్ ఖాళీల గుట్టు విప్పాలి

అధ్యాపక ఉద్యోగానికీ పరిశోధనకూ అర్హత పరీక్ష అయిన నెట్ గట్టెక్కిన విద్యార్థికి అసలు టెన్షన్ ఆ తర్వాతే మొదలవుతోంది. విశ్వవిద్యాలయంలో ఏ విభాగంలో, ఏ గైడ్ (పరిశోధనను పర్యవేక్షించే అధ్యాపకుడు) దగ్గర పీహెచ్‌డీ సీటు ఖాళీ ఉందో చెప్పే నాథుడు లేడు. 'ఫలానా సార్ దగ్గర రెండున్నాయట' అని హన్మకొండ టీకొట్టులో సీనియర్ ఎవరో అంటే, ఆ మాట పట్టుకుని డిపార్ట్‌మెంట్ చుట్టూ తిరగాలి. పీహెచ్‌డీ ప్రవేశానికి నెట్ మార్కులు చెల్లేది ఏడాదే. తిరుగుళ్లలోనే సగం కాలం కరిగిపోతోంది.

విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ 6 మందికి, అసిస్టెంట్ 4 మందికి మించి గైడ్‌గా ఉండకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్తవారిని చేర్చుకోకూడదు. అంటే ఒక ప్రొఫెసర్ దిగిపోయి ఆ పోస్టు భర్తీ కాకపోతే 8 సీట్లు గల్లంతైనట్టే. నిజానికి ఆయన తలుపు మూడేళ్ల ముందే మూతపడుతుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పాఠాల బరువు మోస్తున్న కాంట్రాక్టు అధ్యాపకులు గైడ్ లెక్కలోకే రారు. నియామకాలు ఏళ్ల తరబడి నాన్చితే జరిగేది ఇదే.

ఇక డబ్బు సంగతి. నెట్‌లో మంచి మార్కులతో దక్కే ఫెలోషిప్ జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆపైన 42 వేలు. సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి ఐసీఎస్ఎస్ఆర్ డాక్టోరల్ ఫెలోషిప్ దొరికితే 20 వేలు. నెట్‌లో కేవలం పీహెచ్‌డీ అర్హత తెచ్చుకున్నవారు మాత్రం ఇంటి మీద ఆధారపడాల్సిందే. స్వీడన్, నెదర్లాండ్స్‌లలో పరిశోధకుణ్ని ఉద్యోగిగానే తీసుకుంటారు. అంశం, గైడ్, గడువు, జీతం ప్రకటనలోనే ఉంటాయి. స్టాక్‌హోంలో ఖాళీ ఫోన్‌లో కనిపిస్తుంది, పక్క బిల్డింగ్‌లోది కనిపించదు!

పరిశోధించడానికి ఇక్కడ విషయం లేదా అంటే, కుప్పలుగా ఉంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానలకు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగి, జనం ఇళ్ల పైకప్పులెక్కారు. మరుసటి ఏడాది ఆగస్టు చివర్లో తాడ్వాయి అడవిలో పెనుగాలులకు వేలాది చెట్లు కూలాయి. పోడు పట్టాలు, ఓపెన్‌కాస్టు బొగ్గు గనులకు భూములిచ్చిన ఊళ్లు, మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువులు, ఒక్కోటి ఒక్కో థీసిస్. బయటివారు ప్రశ్నపత్రాలతో వచ్చి నాలుగు రోజుల్లో వెళ్లిపోతారు. వారి శ్రమను తక్కువ చేయడం లేదు కానీ, కోయ మాట వచ్చిన ఏటూరునాగారం అమ్మాయికి గూడెంలో దొరికే సమాధానం వేరుగా ఉంటుంది. ఆమె సీటు కోసం హైదరాబాద్ దారి పట్టాల్సి రావడమే విడ్డూరం.

ఖాళీ పోస్టులు వెంటనే భర్తీ చేయాలి. జేఆర్ఎఫ్ లేనివారికి ప్రభుత్వం బడ్జెట్‌లో ఫెలోషిప్ పద్దు పెట్టాలి. ములుగులో వచ్చిన గిరిజన కేంద్ర విశ్వవిద్యాలయం అడవి, భూమి హక్కులపై పరిశోధనకు తొలి నుంచే చోటివ్వాలి. వీటికి సమయం, సొమ్ము కావాలన్నది మాకూ తెలుసు. కానీ గైడ్ల పేర్లు, వారి కింద చేరిన స్కాలర్లు, వారి అంశాలు వెబ్‌సైట్‌లో పెట్టి ఏటా సరిచేయాలని విశ్వవిద్యాలయాలకు యూజీసీ ఎప్పుడో చెప్పింది. దాని పక్కన ఖాళీలు, ఫెలోషిప్ ఉందా లేదా అన్న రెండు గళ్లు చేర్చడానికి పైసా ఖర్చు లేదు. గుమస్తా ఒక పూట కూర్చుంటే అయిపోయే పని. వచ్చే పీహెచ్‌డీ ప్రవేశాల నోటిఫికేషన్‌లోపే చేయండి.