ఆరుగురికి ఒకే కాటా

భీమవరం చుట్టుపక్కల రొయ్యల కంపెనీల్లో పదకొండేళ్లుగా సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మొన్న ఒక మీటింగులో "మన లేబర్‌కి మార్పంటే భయం" అన్న మాట మళ్లీ విన్నాను. ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోతుంది. ఎందుకో ఇవాళ రాసేస్తాను, కాస్త పొడుగవుతుంది.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక చోట, ఒలిచే షెడ్డులో టేబుల్‌కి ఆరుగురు ఆడవాళ్లు ఉండేవారు. దాదాపు అందరూ ఒకే ఊరివాళ్లు, ఒకే వ్యానులో వచ్చేవారు. ఐస్ నీళ్లలోంచి రొయ్య తీసి ఒకరు తల తీస్తే ఇంకొకరు పెంకు ఒలుస్తారు, చూపు బాగున్న పిల్ల నరం లాగుతుంది. ఎవరికి ఏ పని అన్నది ఏ మేనేజరూ చెప్పలేదు, వాళ్లలో వాళ్లే సర్దుకున్నారు. కాటా టేబుల్ మొత్తానికి ఒకటే. ఆ తూకానికి వచ్చే డబ్బులు ఆరుగురూ సమానంగా పంచుకునేవారు.

హైదరాబాద్ నుంచి కన్సల్టెంట్లు వచ్చారు. మూడు రోజులు స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డారు. ఇకనుంచి ఎవరి ట్రే వాళ్లది, ఎవరి కాటా వాళ్లది, మనిషికో కోడ్ నంబరు అన్నారు. ఎక్కువ ఒలిచినవాళ్లకి ఎక్కువ వస్తుంది కదా అని నాకూ మొదట న్యాయంగానే అనిపించింది.

వారం తిరక్కుండానే కాటా దగ్గర అరుపులు మొదలయ్యాయి. రొయ్యల్లో కౌంట్ అని ఒకటుంటుంది. 30 కౌంట్ అంటే కిలోకి ముప్ఫై రొయ్యలు, 100 కౌంట్ అంటే కిలోకి వంద. ఒక కిలో రొయ్యకి ఒకామె ముప్ఫై ఒలిస్తే చాలు, పక్కామె వంద ఒలవాలి. రేటులో తేడా ఉన్నా ఆ శ్రమకి సరిపోయేంత కాదు. ఇదివరకు టేబుల్‌కి ఏ రొయ్య వచ్చినా ఆరుగురిదీ. ఇప్పుడు పెద్ద రొయ్య ట్రే కోసం తోపులాట. అక్కాచెల్లెళ్లలా ఉన్నవాళ్లు మాటలు మానేశారు.

అందరిలోకీ పెద్దావిడ ఒక సాయంత్రం గ్లవుజులు తీసి చేతులు చూపించింది. ఐస్‌కి వేళ్ల చివర్లు తెల్లగా నానిపోయి, ముల్లు గుచ్చుకున్న చోటల్లా ఎర్రగా ఉంది. "బాబూ, నా చెయ్యి తిరగని రోజున మా టేబుల్ పిల్లలు లాక్కొచ్చేవారండి. నేను బాగున్న రోజున వాళ్లకి ఆసరా అయ్యేదాన్ని. ఎవరి కాటా వాళ్లదంటే నేనింక రాలేనండి" అంది. రాలేదు కూడా. సంక్రాంతి అయ్యాక ఇంకా చాలామంది వ్యాను ఎక్కలేదు. రిపోర్టులో మాత్రం "మార్పు పట్ల వ్యతిరేకత" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు.

ఆ ముక్క గొంతులో ముల్లులా ఉండిపోయి, సంస్థల్లో మార్పు గురించి ఎవరెవరు ఏం ఆలోచించారో చదవడం మొదలుపెట్టాను. స్టాప్‌వాచ్ పద్ధతి అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ కాలంనాటిది. ఆయన పుస్తకం వచ్చింది 1911లో. పనిని ముక్కలు చెయ్యి, ఒక్కో ముక్కకీ టైము కట్టు, ఆలోచన పైవాడిది, చెయ్యి కిందివాడిది. మా కన్సల్టెంట్లు ల్యాప్‌టాప్‌లో పెట్టి తెచ్చింది సరిగ్గా అదే.

కర్ట్ లెవిన్ అనే జర్మన్ యూదు శాస్త్రవేత్త, హిట్లర్ వచ్చాక అమెరికా చేరినాయన, 1947లో చనిపోయారు. గడ్డకట్టినదాన్ని కరిగించాలి, మార్చాలి, మళ్లీ గడ్డకట్టించాలి అన్నది ఆయన మాటే. పొద్దస్తమానం ఐస్‌తోనే పని కాబట్టి ఆ పోలిక నాకు చప్పున ఎక్కింది. ట్రైనింగుల్లో ఈ మూడు మెట్లే చెప్పి వదిలేస్తారు. మనుషుల్ని విడివిడిగా మార్చడం కంటే గుంపుగా కూర్చున్నప్పుడు మార్చడం తేలిక అని ఆయన చెప్పిన అసలు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ఆయన శిష్యుల తరం వాళ్లు అమెరికాలోని వర్జీనియాలో పైజమాలు కుట్టే హార్వుడ్ ఫ్యాక్టరీలో దీన్ని పరీక్షించి 1948లో రాశారు. అక్కడా ఎక్కువమంది ఆడవాళ్లే, అక్కడా కుట్టినదాన్ని బట్టే కూలి. మార్పు గురించి ఊరికే ప్రకటించి వదిలేసిన గుంపులో 40 రోజుల్లో 17 శాతం మంది మానేశారు. మార్పు ఎలా ఉండాలో అందరూ కూర్చుని తేల్చుకున్న గుంపుల్లో ఒక్కరూ మానలేదు, ఉత్పత్తి పాత స్థాయిని దాటింది. ఇది చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. మా పెద్దావిడ చెప్పింది డెబ్బై ఏళ్ల కిందటే అచ్చయి ఉంది!

మన దేశంలోనూ జరిగింది. అహ్మదాబాద్ కాలికో మిల్లులో ఆటోమేటిక్ మగ్గాలు పెట్టినా ఉత్పత్తి పెరగలేదు. 1953లో లండన్ టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ వచ్చి చూస్తే 224 మగ్గాల మీద పనివాళ్లు 12 రకాల పనులకింద చెల్లాచెదురుగా ఉన్నారు. ఒక్కో గుంపుకి కొన్ని మగ్గాలు అప్పగిస్తే ఎలా ఉంటుందని ఆయన అనడం ఆలస్యం, పనివాళ్లే జట్లు కట్టేసుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, గుడ్డ పాడవడం తగ్గింది. అక్కడ మిషన్లు పెట్టి తెలుసుకున్నదాన్ని మా ఆరుగురూ ఎవరూ చెప్పకుండానే చేసుకున్నారు. దాన్ని మేం విడగొట్టాం.

మన గోదావరి జిల్లాకీ ఈ చరిత్రలో చోటుంది. 1964లో డేవిడ్ మెక్లెలాండ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కాకినాడ వ్యాపారస్తులకి హైదరాబాద్‌లో శిక్షణ ఇప్పించారు. మనిషిలో సాధించాలన్న తపన పెంచితే ఊరు బాగుపడుతుందని ఆయన నమ్మకం. మంచి ప్రయత్నమే, కానీ చూపంతా ఒక్కో మనిషి మీదే. 1969లో రిచర్డ్ బెకార్డ్ అనే నిపుణుడు, సంస్థ మొత్తాన్నీ పట్టించుకోవాలన్నారు, కానీ నడిపేది పైనుంచే అన్నారు. అమెరికా ప్రొఫెసర్ జాన్ కాటర్ మార్పుకి చెప్పిన ఎనిమిది మెట్లూ ఆ దారిలోవే. 2009లో బుష్, మార్షక్ అనే ఇద్దరు వేరే మాటన్నారు. సంస్థ అంటే అందులో మనుషులు రోజూ మాట్లాడుకునే మాటలే, ఆ మాటలు మారితేనే సంస్థ మారుతుందని. నాకు ఇదే నిజమనిపిస్తుంది.

ఇదే సంగతి మా ఊళ్లోనూ చూశాను. మా నాన్న శివారు రైతు, అంటే కాలువ చివర్న పొలం ఉన్నాయన. 1997 చట్టంతో ఉమ్మడి రాష్ట్రమంతా పదివేలకు పైగా రైతుల నీటి సంఘాలు వచ్చాయి. మా కాలువ మీద శివారుకి నీళ్లందిన దాళ్వాలు ఏవంటే, పై రైతులూ శివారు రైతులూ నీళ్లు వదిలే లస్కరుతో కలిసి తూము గట్టున కూర్చుని వంతులు తేల్చుకున్నవే. సంఘం బోర్డు అన్నేళ్లూ ఉంది, నీళ్లు మాత్రం కూర్చుని మాట్లాడుకున్న ఏడే వచ్చాయి.

చివరికి ఆ షెడ్డులో మేనేజరు గారిని బతిమాలి ఒక మధ్యాహ్నం ఆడవాళ్లని కూర్చోబెట్టాం. గంట పట్టలేదు. కాటా టేబుల్‌కే ఉండాలి, ఎవరితో కూర్చోవాలో తామే ఎంచుకుంటారు, చిన్న కౌంట్ ట్రేలు టేబుళ్ల మధ్య వంతులవారీగా తిరగాలి. ఆ మూడో మాట ఏ కన్సల్టెంటుకీ తట్టలేదు. ఒక షెడ్డులో అమలు చేశారు, రెండో షెడ్డులో పాత కోడ్ నంబర్లే ఉంచారు. పెద్దావిడ మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు నేనున్న చోటికి వచ్చే నెల రొయ్యల్ని సైజు వారీగా వేరుచేసే కొత్త గ్రేడింగ్ మిషన్ వస్తోంది. టేబుళ్లు ఎక్కడుండాలో ప్లాన్ కాగితం నా చేతిలో ఉంది. షెడ్డులో ఒక్కరికీ ఇంకా చెప్పలేదు. మిషన్ దించకముందే వాళ్లని కూర్చోబెట్టి ఈ కాగితం వాళ్ల ముందు పెడదామని సోమవారం రాతపూర్వకంగా అడిగాను. ఇంకా జవాబు రాలేదు.