గుజ్జు మొలిపించే ‘నానో క్యాప్సూల్’: ఆ ఫార్వర్డ్‌లో ఎంత నిజం?

మా పెద్దమ్మ ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన మెసేజ్ ఇది. మీకూ వచ్చే ఉంటుంది. “అరిగిపోయిన మోకాలి గుజ్జు నానో కణాలతో 3 నెలల్లో మళ్లీ పెరుగుతుంది. అమెరికా శాస్త్రవేత్తలు నిరూపించారు. రోజుకో క్యాప్సూల్ చాలు, ఆపరేషన్ అక్కర్లేదు. మన స్వర్ణ భస్మం కూడా నానోనే.” కింద ‘ముందు, తర్వాత’ అని రెండు ఎక్స్‌రేలు. పెద్దమ్మకి రెండు మోకాళ్లూ నొప్పే. అందుకే నవ్వేసి ఊరుకోకుండా ఒక్కో మాటా పట్టి చూశాను. గుజ్జు అంటే కీలులో ఎముకల చివర్లను కప్పే నున్నటి పొర (కార్టిలేజ్). నానో అంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు స్థాయి కొలత.

“అమెరికాలో నిరూపించారు.” నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో శామ్యూల్ స్టుప్ బృందం 2024లో ఒక పరిశోధన ప్రచురించింది. పెప్టైడ్‌లు (చిన్న ప్రొటీన్ ముక్కలు), హయలురోనిక్ యాసిడ్ (కీలు ద్రవంలో సహజంగా ఉండే జిగురు పదార్థం) కలిపిన చిక్కటి పదార్థాన్ని మోకాలిలో గుజ్జు దెబ్బతిన్న చోటే నింపారు. అది నానో పోగుల అల్లికలా అక్కడే కుదురుకుని రబ్బరులా గట్టిపడింది. ఆరు నెలల్లో ఆ గుంటలో కొత్త గుజ్జు వచ్చింది. గొప్ప పనే, సందేహం లేదు. కాకపోతే ఆ మోకాళ్లు గొర్రెలవి. ఒకచోట పడ్డ గుంట పూడటం వేరు, ఏళ్ల తరబడి అరిగి ఎముకకు ఎముక రాసుకుంటున్న మోకాలు బాగుపడటం వేరు. అందులో క్యాప్సూల్ ఊసే లేదు.

“క్యాప్సూల్ చాలు.” అసలు తిరకాసు ఇక్కడుంది. గుజ్జులో రక్తనాళాలు ఉండవు. దానికి కావలసిన పోషణ కీలు లోపలి ద్రవం నుంచే ఇంకాలి. మింగిన నానో కణాలు పేగులు దాటి రక్తంలోకి వచ్చినా, వాటిలో చాలావాటిని కాలేయం, ప్లీహం దారిలోనే పట్టేస్తాయి. క్యాన్సర్ గడ్డలకు గురిపెట్టి పంపిన నానో మందుల మీద పదేళ్లలో వచ్చిన పరిశోధనలను 2016లో కలిపి లెక్కేస్తే, ఇచ్చిన మోతాదులో గడ్డకు చేరింది మధ్యస్థ విలువ (మీడియన్) ప్రకారం 0.7 శాతమే. గడ్డకి రక్తనాళాలు ఉండి కూడా అంతే!

పోనీ నేరుగా కీలులోకే సూది వేస్తే? మందు అక్కడ ఎక్కువసేపు నిలవదు, కొట్టుకుపోతుంది. దీనికి అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు 2018లో ఒక చక్కటి ఉపాయం పన్నారు. గుజ్జుకు ఋణావేశం ఉంటుంది కాబట్టి, ధనావేశం ఉన్న 10 నానోమీటర్ల లోపు అణువులకు మందును తగిలించి పంపారు. అది గుజ్జును పట్టుకుని లోపలికి దిగింది, రోజుల తరబడి నిలిచింది. ఎలుకల్లో. ఎలుక గుజ్జు మందం సుమారు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు. మనది దానికి ఎన్నో రెట్లు.

“స్వర్ణ భస్మం కూడా నానోనే.” భస్మంలో నానో సైజు బంగారు కణాలు ఉన్నట్టు పరీక్షల్లో తేలిన మాట వాస్తవం. అయితే ఏంటి? నానో అనేది కొలత, మందు పేరు కాదు. కట్టెల పొయ్యి పొగలోనూ నానో కణాలుంటాయి. పుండ్ల మీద వేసే నానో వెండి పట్టీలనే చూడండి. అవి సూక్ష్మజీవుల్ని చంపడానికి. మోతాదు మించితే అదే వెండి కొత్తగా వస్తున్న చర్మ కణాలనూ దెబ్బతీస్తుంది.

“ఆపరేషన్ అక్కర్లేదు.” చాలామందికి నిజంగానే అక్కర్లేదు. తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం వల్ల.

ఇక ఆ ఎక్స్‌రేలు. ఎక్స్‌రేలో గుజ్జు కనబడదు, ఎముకల మధ్య ఖాళీ మాత్రమే కనబడుతుంది. మోకాలి మీద బరువు మోపి నిలబడితే ఆ ఖాళీ తగ్గుతుంది, పడుకుంటే పెరుగుతుంది. ఈ రెండు ఫొటోల మీద తేదీ లేదు, ఎలా తీశారో లేదు.

ఇదంతా ఫోన్లో చెబితే పెద్దమ్మ, “మరి నొప్పి తగ్గిందని రాశారుగా” అంది. తగ్గే ఉండొచ్చు పెద్దమ్మా. అరుగుదల నొప్పి ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ. మోకాలిలోకి ఉత్త ఉప్పునీరు ఎక్కించిన వాళ్లలో కూడా చాలామందికి కొన్ని నెలలు నొప్పి తగ్గినట్టు ట్రయల్స్‌లో కనబడింది.