సవరణ: డోవర్ తీర్పు అమెరికా అంతటికీ వర్తించదు

నిన్నటి పోస్టులో "2005 డోవర్ తీర్పుతో అమెరికా బడుల్లో సృష్టివాదానికి తెరపడింది" అన్న వాక్యం ఉంది. (సృష్టివాదం అంటే జీవులను దేవుడే సృష్టించాడన్న వాదం.) ఆ వాక్యాన్ని సవరించి చదువుకోండి. ఆ తీర్పు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డోవర్ స్కూలు బోర్డు మీద పడ్డ కేసుకే పరిమితం. తీర్పుకు ముందే, నవంబరు ఎన్నికల్లో మళ్లీ నిలబడ్డ ఎనిమిది మంది ఆ బోర్డు సభ్యులూ ఓడిపోయారు. కొత్త బోర్డు అప్పీలుకు వెళ్లలేదు. అందుకే విషయం పై కోర్టుల దాకా పోలేదు.

దేశమంతటికీ వర్తించేది 1987 నాటి సుప్రీంకోర్టు తీర్పు. బడిలో పరిణామ సిద్ధాంతం చెబితే సృష్టివాదమూ చెప్పి తీరాలన్న లూసియానా చట్టాన్ని 7–2 తేడాతో కొట్టేశారు. అదీ ప్రభుత్వ బడులకే. ప్రైవేటు బడుల సంగతి వేరు.

ఇంకో మాట. డోవర్‌లో సృష్టివాదాన్ని పాఠంగా చెప్పారన్నట్టు నా పోస్టు ధ్వనించింది. నిజానికి తొమ్మిదో తరగతి బయాలజీ పిల్లలకు చిన్న ప్రకటన ఒకటి చదివి వినిపించారు, అంతే: డార్విన్ సిద్ధాంతం నిర్ధారిత సత్యం కాదు, 'ఇంటెలిజెంట్ డిజైన్' (జీవులను ఏదో తెలివైన శక్తి రూపొందించిందన్న వాదం) గురించి తెలుసుకోవాలంటే ఫలానా పుస్తకం ఉంది, అని. మేం చదవం అని సైన్సు టీచర్లు మొండికేస్తే (నా లెక్కలో కేసు మొత్తంలో మెచ్చుకోవాల్సింది వాళ్లనే) అధికారులే క్లాసుకొచ్చి చదివి వెళ్లారు. ఆ ఒక్క ప్రకటన కూడా మత ప్రచారమేనని డోవర్ కేసు విన్న జడ్జి జోన్స్ 139 పేజీల్లో తేల్చారు.