పువ్వు 36 రూపాయలు

మొన్న మా అబ్బాయి ఓ కాఫీ షాపుకి తీసుకెళ్ళి నీలం టీ తాగించాడు. చూడ్డానికి అచ్చం తెల్లబట్టలకు పెట్టే నీలిమందే. నిమ్మచెక్క పిండగానే ఊదారంగుకు తిరిగింది. "ఆంథోసయనిన్లు నాన్నా, యాంటీఆక్సిడెంట్లు" అన్నాడు వాడు భక్తిగా. పువ్వుకు రంగిచ్చే ఆ పదార్థాలకు పులుపు తగిలితే రంగు మారుతుందట. నాకు బిల్లు చూస్తే మారింది. 180 రూపాయలు. గ్లాసులో తేలినవి ఐదే ఐదు పూలు.

ఇంటికొచ్చి చూద్దును కదా, పెరటి గోడ నిండా అవే శంఖుపూలు! మా ఆవిడ రోజూ దోసెడు కోసి శివుడికి పెడుతోంది. పువ్వు 36 రూపాయల చొప్పున ఇన్నేళ్ళకు ఆయన మాకెంత బాకీ పడ్డాడో!

అందుకే పువ్వుల విషయంలో జాతి తక్షణం మేలుకోవాలని మనవి. ఉగాది పచ్చడిలో వేపపువ్వును నాలుక్కి తగలకుండా మింగే జాతి కదా మనది. నోట్లో వేసుకునే లవంగం కూడా విచ్చుకోని మొగ్గేనని ఎంతమందికి తెలుసు? గుమ్మడిపూలనే తీసుకోండి. పిందె కట్టని మగపూలు కోసి, శనగపిండిలో ముంచి బజ్జీలేస్తాం. నూరు గ్రాముల పూలలో 95 గ్రాములు నీళ్ళే. మిగతా పోషణంతా మన నూనెదే.

అరటిపువ్వు సంగతి మరీ ఘోరం. ఒక్కో పువ్వులోంచి అగ్గిపుల్లలాంటి కాడ పీకి, మజ్జిగనీళ్ళలో వేసేసరికి మా ఆవిడ వేళ్ళు నల్లబడిపోతాయి. పాలీఫినాల్సనే యాంటీఆక్సిడెంట్లకి గాలి తగిలితే వచ్చే నలుపట అది. అంటే అవి నా కంచం కన్నా ముందు ఆవిడ గోళ్ళకే అందుతున్నాయి.

ఇక బంతి. కళ్ళకు మంచిదని మాత్రల్లో అమ్మే ల్యూటిన్ అనే పసుపురంగు పదార్థం తీసేది వీటినుంచే. పచ్చసొన రంగు తేలాలని కోళ్ళ దాణాలోనూ కలుపుతారు. మనం మాత్రం దసరాకి గుమ్మానికి కట్టి, మర్నాడు చీపురుతో ఊడ్చేస్తాం. అలాగని ఆ దండ తెంపి కూర వండకండి, వాటి మీద ఏ మందు కొట్టారో! గన్నేరు జోలికి అసలే వద్దు, అది విషం, ఏకంగా గుండెనే పట్టేస్తుంది.

నేను మాత్రం నిన్న పొద్దున్నే ఐదు శంఖుపూలు కోసి, వేడినీళ్ళలో వేసి, నిమ్మకాయ పిండుకుని కూర్చున్నాను. మా ఆవిడ ఖాళీ సజ్జ పట్టుకుని వచ్చింది.

"శివుడికి పూలేవండీ?"

"తాగేశాను."

"అయితే ఆ 180 హుండీలో వేసి రండి."