ఆ పిల్ల రికార్డు ఆ పిల్ల చూడకూడదా?

ఈ వారంలో నలుగురు పంపారు, అదే మెసేజ్. మానసిక చికిత్స తీసుకుంటున్న టీనేజీ పిల్లలకు వాళ్ల వైద్య రికార్డులు చూపించకూడదట. అర్థం కాదట, చదివితే జబ్బు ముదురుతుందట, డాక్టర్లు ఉన్నదున్నట్టు రాయడం మానేస్తారట, తల్లిదండ్రులు చూస్తే చాలునట. పంపినవాళ్లు నాకు కావలసినవాళ్లు కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

అర్థం కాకపోతే అడుగుతారు. విడమరిచి చెప్పడం డాక్టరు పని.

జబ్బు ముదురుతుందా? అమెరికాలో 2010లో మొదలైన ఓపెన్‌నోట్స్ ప్రయోగంలో వందమందికి పైగా డాక్టర్లు తమ రాతలను వేలమంది రోగులకు చూపించారు. ఏడాది గడిచాక ఒక్క డాక్టరూ మానుకోలేదు. వాళ్లు పెద్దవాళ్లు, మామూలు జబ్బులవాళ్లు అంటారా? సరే. భారతదేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 25వ సెక్షన్ చూడండి. రోగికి తన రికార్డు చూసే హక్కు ఉందంటుంది. తీవ్రమైన మానసిక హాని చేసే సమాచారం ఉంటే దాన్ని ఆపవచ్చు, కానీ దానిపై మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు వెళ్లే హక్కు ఉందని రోగికి చెప్పి తీరాలి. ఒక్క భాగం ఆపడమూ ఫైలంతా దాచడమూ ఒకటేనా?

డాక్టర్ల రాత మారుతుందన్నది కొంత నిజమే. మునుపటంత విప్పి రాయడం లేదని కొందరు వాళ్లే చెప్పారు.

'తల్లిదండ్రులు చూస్తే చాలు' అన్న దగ్గరే నాకు ఒళ్లు మండింది. నాకు తెలిసిన అమ్మాయి 17 ఏళ్లప్పుడు మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లింది. పక్కనే తండ్రి. ఇంట్లో తినే దెబ్బల సంగతి ఆ గదిలో ఎలా చెబుతుంది? చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. 'సహకరించడం లేదు' అని రాశారు. తర్వాతి ఇద్దరు డాక్టర్లూ ఆ మాట చదివాకే ఆమె మొహం చూశారు. తండ్రీ చదివాడు. ఆమె చేతికి ఆ కాగితం రెండేళ్లకు వచ్చింది. 'ఆ రోజు నాన్న ఉన్నాడు' అని అంచున పెన్సిలుతో రాసుకుంది. స్వీడన్‌లో పిల్లలకు 13 ఏళ్లు నిండితే తల్లిదండ్రులకు ఆన్‌లైన్‌లో వాళ్ల రికార్డు మామూలుగా కనిపించదు, 16 నుంచి పిల్లలే చూసుకుంటారు. అక్కడివాళ్లకు పిల్లల మీద ప్రేమ లేకనా?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. తన జబ్బు పేరు ఏ పిల్లా మొదటిసారి అర్ధరాత్రి ఫోనులో, ఒంటరిగా చదవకూడదు. డాక్టరు పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి, తండ్రిని కాసేపు బయట ఉండమని చెప్పి.