సవరణ: పికప్ ముందు చక్రం బేరింగు పరీక్ష

పాత పికప్‌ల ముందు బేరింగుల గురించిన గత పోస్టులో ‘ఎడమకు తిప్పినప్పుడు మోత పెరిగితే ఎడమ బేరింగు పోయినట్లు’ అని ఉంది. దాన్ని తిరగేసి చదవండి. ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది. ముందు అనుమానించవలసింది కుడి బేరింగునే. కాలువ గట్ల మీద ఈ పరీక్ష దండగ. ఆ గతుకుల్లో ఏ మోత ఎక్కడిదో బ్రహ్మకైనా తెలియదు. 216 జాతీయ రహదారి ఎక్కి వినండి.

జాకీ మీద లేపిన చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు తెలిసినంత మాత్రాన బేరింగు కొనేయకండి. ఒకరిని బ్రేకు తొక్కి ఉంచమని మళ్లీ ఊపండి. లూజు పోతే తప్పు బేరింగుదే. అలాగే ఉంటే చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన కీలు, అంటే బాల్ జాయింటు, కొన్ని బండ్లలో కింగ్ పిన్ను చూడాలి. టేపర్ రోలర్ (ఒక కొసకు సన్నబడే రోలర్లున్న) బేరింగయితే కొద్దిపాటి లూజు నట్టు సరిచేస్తే పోతుంది. అతిగా బిగిస్తే మాత్రం వేడెక్కి కాలిపోతుంది. చక్రం తిప్పితే గరగరలాడుతుంటే మార్చడమే.

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల లోడు తిప్పేవారికి మరో మాట: బేరింగులోని గ్రీజు పాలలా తెల్లబడితే సీలు (నీరు, దుమ్ము లోపలికి పోకుండా ఆపే వలయం) దాటి నీరు చేరినట్లు. దాని మీదే కొత్త గ్రీజు పూయవద్దు. అంతా కడిగి, రోలర్ల మీద గుంటలు, తుప్పు లేవని చూసుకుని, కొత్త సీలు వేయించండి.